పాత సెల్ తీసేసిన శుక్రవారం

నేనొక పిల్లవాడి ఆట చెరిపేశాను. అప్పటికి వాడు చనిపోయి రెండేళ్లు. ఆ ఆటలో ఏముందో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఊరికి వెళ్లిపోయేలోపు దాన్ని ఒక్కసారి చూపించమని ఆమె నన్ను అడిగింది. ఆమె అడిగేనాటికి అది లేదు. జరిగింది ఇంతే. ఇంత చిన్న సంగతి రాయడానికి కాగితం ముందు ఎన్నిసార్లు కూర్చుని లేచానో నాకే తెలుసు.

మస్కట్‌లో ఏసీలు బాగుచేయడం నా పని. కంపెనీ ఘాలాలో, రూమ్ రూవిలో. ఏసీ మెకానిక్‌కి ఒక సౌకర్యం ఉంటుంది, ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా కనపడనివి వాడికి కనపడతాయి. అవుట్‌డోర్ యూనిట్లు మేడ మీద ఉంటాయి. పాత సామాన్ల గది కూడా మేడ మీదే ఉంటుంది. పనికిరాదు గానీ పారేయడానికి మనసు రాదు అనుకున్న ప్రతిదీ అక్కడికే చేరుతుంది. కాలు విరిగిన కుర్చీలు, ఊయల, గాలి పోయిన సైకిలు, వాటి మధ్య ఎప్పుడో ఒకసారి దుమ్ము కింద ఒక పాత వీడియో గేమ్ మెషీన్. పని ముగించి చేతులు కడుక్కుంటూ ఇంటివాళ్లను అడిగేవాణ్ని, పారేసే గేములేమైనా ఉన్నాయా అని. చాలామంది నవ్వేవాళ్లు. కొందరు మోసుకుపొమ్మనేవాళ్లు.

అందరికీ తెలిసిన మెషీన్ల మీద నాకు మోజు లేదు. అవి ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. నాకు కావలసినవి ఓడిపోయినవి. ఆర్భాటంగా బజారుకొచ్చి, ఎవరూ కొనక, ఏడాది తిరగకుండా మాయమైపోయినవి. కళ్లకు తగిలించుకుని తల వంచుకుని ఎర్ర గీతలు మాత్రమే చూడాల్సిన మెషీన్ ఒకటి ఉంది నా దగ్గర. పది నిమిషాలు ఆడితే తలనొప్పి గ్యారంటీ. ప్లాస్టిక్ తుపాకీతో వచ్చిన నకిలీది ఒకటి, తయారుచేసిన కంపెనీ పేరు ఎవరికీ గుర్తులేనిది ఇంకొకటి. నా మంచం కింద, బీరువా మీద, కిటికీ గూట్లో అన్నీ అవే.

రూమ్‌లో నా పక్క మంచం హైదరాబాదీ భాయ్‌ది. కార్గో ఆఫీసులో పెట్టెలు ప్యాక్ చేస్తాడు. బుడగల ప్లాస్టిక్కు తెచ్చిపెట్టేదీ అతనే, వెక్కిరించేదీ అతనే. "అరే భాయ్, నీకు పెళ్లాం ఒద్దు, ఈ డబ్బాలకే నిఖా చేస్కో" అనేవాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అతని మాటలకు నేను చిర్రెత్తిపోవడం, అతను ఇంకా రెచ్చగొట్టడం, ఇదే మా శుక్రవారాల కాలక్షేపం.

ఇంకో మాట కూడా చెప్పాలి. నాకు ఆడటం రాదు. నిజంగా రాదు. సేకరించేవాళ్లలో నాలాంటి బాపతు ఎక్కువే. మెషీన్ తెరవడం, కడగడం, ఉబ్బిన కెపాసిటర్లు మార్చడం, తెరమీద బొమ్మ వచ్చిందా లేదా చూసుకోవడం, ఫోటో తీసి నెట్‌లో మా సేకరణదారుల గుంపులో పెట్టడం. అక్కడితో సరి. ఆ బొమ్మ తర్వాత ఏం చేస్తుందో మాకు అక్కర్లేదు. పాత మెషీన్‌కి వచ్చీరాగానే కరెంటు ఇవ్వకూడదనేది మా మొదటి నియమం. లోపల ఏది షార్ట్ అయి ఉందో తెలియదు, కాలిపోతే మళ్లీ దొరకదు. ముందు తెరవాలి, తర్వాత కడగాలి, అనుమానం ఉన్నది మార్చాలి, ఆ తర్వాతే స్విచ్చి. నేను ఈ నియమం ఎన్నడూ తప్పలేదు. తప్పి ఉంటే బాగుండేది.

ఆ ఎండాకాలం మస్కట్‌కి దూరంగా ఖురియాత్‌లో ఒక ఇంటికి పనిమీద వెళ్లాను. సముద్రానికి దగ్గర, గాలికి ఉప్పు పట్టి అవుట్‌డోర్ యూనిట్ తుక్కు తుక్కయింది. మేడ మీద మాడిపోతూ పనిచేస్తుంటే ఒకామె మజ్జిగ గ్లాసు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నా మొహం చూసి నేరుగా తెలుగులోనే అడిగింది.

"యా ఊరబ్బీ మీది?"

"ప్రొద్దుటూరు పక్కన అక్కా."

"మాది రాయచోటి తట్టు" అంది. ఆ మాటతోనే ఆమె మొహం వెలిగింది. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తోందట. కాసేపు వానల గురించి, ఊళ్ల గురించి మాట్లాడింది. నేను గ్లాసు ఖాళీ చేసేలోపే అసలు సంగతి కూడా చెప్పేసింది. ఆ ఇంటి కొడుకును నలభై రోజుల పసిగుడ్డుగా ఆమె చేతుల్లో పెట్టారు. పందొమ్మిదేళ్లు పెంచింది. రెండేళ్ల కింద కాలేజీకి పోతూ కారు బోల్తా పడి చనిపోయాడు. చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. గ్లాసు తీసుకుని, కొంగుతో అంచు తుడిచి, కిందికి వెళ్లిపోయింది.

ఇంత విన్నవాడిని నోరు మూసుకుని వెళ్లిపోవాలి కదా. లేదు. పని అయ్యాక ఇంటావిడ ఎదురుగా వస్తే, వచ్చీరాని అరబ్బీలో, నా అలవాటు ప్రకారం, పాత గేములేమైనా ఉన్నాయా అని అడిగాను. అడిగిన తర్వాత నాలుక కరుచుకున్నాను. ఆవిడ నా వైపు కాసేపు చూసింది. మేడమీది గదిలో ఒకటి ఉందని, తీసుకుపొమ్మని చెప్పింది. రెండుసార్లు చెప్పింది, "ఖుద్, ఖుద్" అని. చెప్పి, ఆ మెషీన్ కిందికి దిగేలోపే లోపలికెళ్లి తలుపేసుకుంది.

అక్క దాన్ని పాత దుప్పట్లో చుట్టి తానే మోసుకొచ్చింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు. వ్యాన్ దాకా తెచ్చి, సీటు మీద పెట్టి, దుప్పటి కొస సర్దింది. నేను కొస తొలగించి చూశాను. చూసి నా ప్రాణం లేచొచ్చింది. కీబోర్డు, కీల మీద ఇంగ్లీషుతో పాటు అరబ్బీ అక్షరాలు, పైన గేమ్ క్యాసెట్ పెట్టే గాడి. కంప్యూటరూ అదే, వీడియో గేమూ అదే. తొంభైల మొదట్లో గల్ఫ్ దేశాల్లో అమ్మడానికని చేశారు, పెద్దగా అమ్ముడుపోలేదు. మా గుంపులో దీన్ని కళ్లారా చూసినవాళ్లే తక్కువ. అది చనిపోయిన పిల్లవాడి మేనమామది, వాడి చిన్నప్పుడు ఇచ్చేశాడట.

"జాగ్రత్తబ్బీ" అంది అక్క. "బాగైనంక ఒకసారి నాకు చూపీల."

"చూపిస్తాలే అక్కా" అని నా నంబరిచ్చాను. ఆమె ఇంకేదో చెప్పబోయింది. కిటికీలో పరదా కదిలింది, అక్క అటు చూసి ఆగిపోయింది. నా మనసు అక్కడ ఉంటేగా అడగడానికి. వ్యాన్ ఎప్పుడు కదుల్తుందా, ఎప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకుంటానా అని ఉంది నాకు.

దాంతోపాటు మూడు క్యాసెట్లు వచ్చాయి. ఒకటి ఫుట్‌బాల్, ఒకటి విమానాలు కూల్చేది, మూడోది కత్తి పట్టుకుని ఊళ్లు తిరిగే కథ ఆట. ఈ మూడో రకం క్యాసెట్ల లోపల గుండ్రటి చిన్న బ్యాటరీ సెల్ ఒకటి ఉంటుంది. ఆడేవాడు ఎక్కడ ఆపాడో అది గుర్తుపెట్టుకుంటుంది. సెల్ తీస్తే అంతా పోతుంది.

మెషీన్‌కి కావలసిన కెపాసిటర్లు ఆర్డర్ పెట్టాను, రావడానికి వారాలు పడుతుంది. ఊరికే కూర్చోలేక ఒక శుక్రవారం పొద్దున క్యాసెట్లు తెరిచాను. మూడోదాంట్లో సెల్ మీటరు పెట్టి చూశాను. బతికే ఉంది. ఇంకో ఏడాదో రెండేళ్లో నడిచేది. కానీ నా పద్ధతి నాది, నా చేతికి వచ్చిన క్యాసెట్‌లో పాత సెల్ ఉండకూడదు. పాతవి కారితే బోర్డు తినేస్తాయి. టంకం వేడిచేసి పీకేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కొత్తది పెట్టి, లోపల తేదీ రాసిన చిన్న కాగితం అంటించాను. ఆ పూట నాకు చాలా తృప్తిగా ఉంది. అన్నం మారు వడ్డించుకుని తిన్నాను.

సెల్ మార్చేటప్పుడు ఇంకో సెల్‌ను రెండు తీగలతో తగిలించి ఉంచితే లోపలిది చెరగదు. పది నిమిషాల పని. నాకు తెలుసు. లేదంటే ఆ క్యాసెట్‌ను ముందే వేరే మెషీన్‌లో పెట్టి ఏముందో చూడొచ్చు. ఆ క్యాసెట్ పట్టే మామూలు మెషీన్లు, పరీక్షకని ఉంచుకున్నవి, రెండున్నాయి నా మంచం కింద. చూడలేదు. ఎవరో ఆడి వదిలేసిన ఆట మాకు దుమ్ముతో సమానం. బ్రష్షుతో దులిపినట్టే దులిపేస్తాం. ఆ దుమ్ము ఎవరిదో నేను ఏనాడూ అనుకోలేదు.

మెషీన్ బాగైంది. ఫోటోలు పెట్టాను. జపాన్ నుంచి, బ్రెజిల్ నుంచి మెచ్చుకున్నారు. అక్కకు చూపిస్తానన్న మాట మాత్రం ఇవాళ రేపు అని దాటేస్తూ వచ్చాను. ఖురియాత్ దూరం, సెలవు శుక్రవారం ఒక్కటే, ఇలా ఏవో నాకు నేనే చెప్పుకున్నాను. ఏడాది దాటిపోయింది.

డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం సైట్‌లో ఉండగా ఆమె ఫోన్ చేసింది. ఇంక పనిచేయలేకపోతోందట, మోకాళ్లు సహకరించడం లేదు. వీసా రద్దు చేయించుకుని జనవరి ఆఖరుకి ఊరికి వెళ్లిపోతోంది. మళ్లీ రాదు.

"పోయే ముందర ఆ గేమ్ ఒకసారి చూపీ అబ్బీ. నా పేరుండాది దాంట్లో."

నాకు అర్థం కాలేదు. ఏం పేరని అడిగాను.

"మొదలుపెట్టేటప్పుడు పేరు అడుగుతాదంట కదా, ఆ కత్తి పట్టుకున్న ఆడమనిషికి. వాడు నా పేరు కొట్టినాడు. ఎనిమిదేండ్లోడు అప్పుడు. నేను వంట చేస్తా ఉంటే నా రూమ్‌లో టీవీకి తగిలించుకోని ఆడేవాడు, ఇప్పుడు నిన్ను కొండెక్కిస్తాండా, ఇప్పుడు నిన్ను పడవెక్కిస్తాండా అని చెప్తా. పెద్దోడై ఎన్ని గేములొచ్చినా ఇది మాత్రం వదల్లే. పోయేదానికి ముందు దినం గూడా ఆడినాడు."

నేను నిచ్చెన మీద ఉన్నాను. కిందికి దిగాను.

"ఫోటోలన్నీ మామా తీసి దాచిపెట్టింది, ఆమెను నేనడగలేను" అంది. మామా అంటే ఇంటావిడ. "ఈ ఇంట్లో నన్ను పేరుతో పిలిచినోడు వాడొక్కడే అబ్బీ. వాడు కొట్టిన ఆ పేరొక్కటి చూసి పోతా. అంతే."

చెప్పెయ్యాల్సింది. అక్కా, పొరపాటైంది, చెరిపేశాను అని రెండు ముక్కలు. నోట్లోంచి రాలేదు. "సరే అక్కా, తెస్తా" అన్నాను. ఫోన్ పెట్టేసి మళ్లీ నిచ్చెన ఎక్కాను. అంత పిరికివాణ్నని నాకే తెలియదు.

రూమ్‌కి వచ్చి భాయ్‌తో చెప్పాను. ఈసారి అతను వెక్కిరించలేదు. మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఆమెకి సదువొస్తదా?"

"తన పేరు గుర్తుపడుతుంది."

"మరింకేంది యార్? పేరు మళ్లా కొట్టు. కొంచెం ముందుకి ఆడి పెట్టు. ఆమెకెట్ల తెలుస్తది?"

"మోసం కదా భాయ్."

"మోసమే" అన్నాడు. "నిజం జెప్పి ఏమిస్తవ్ ఆమెకి? ఒట్టి చేతులతోని ఊరికి పంపిస్తవా?"

ఆ రాత్రే మెషీన్ టీవీకి తగిలించాను.

అప్పటినుంచి మూడు వారాలు ఆడాను. జీవితంలో మొదటిసారి. ఆట మొదట్లో పేరు అడిగింది. ఐదు అక్షరాలకే చోటు, ఆమె పేరు సరిగ్గా పట్టింది. ఒక్కో అక్షరం కొడుతుంటే దొంగ సంతకం పెడుతున్నట్టు అనిపించింది. సరైన చోటే తెరవాలి కదా అక్కా అని సాకు పెట్టి ఫోన్‌లో ఆమెనే అడిగాను, ఆటలో ఆ కత్తి మనిషి ఆఖరున ఎక్కడ ఉంది, పక్కన ఎవరున్నారు అని. ఆమె సంతోషంగా చెప్పింది. సముద్రం ఒడ్డున ఒక ఊరు, ఇండ్ల తలుపులు నీలం రంగు. పక్కన ఒక ముసలాయన, విల్లు పట్టుకున్న ఒక పిల్ల. అంతవరకు ఆడి పెడితే చాలు.

చెప్పినంత సులువు కాదు. అడుగు బయట పెడితే ఏదో ఒక మృగం మీద పడేది. చచ్చిపోయినప్పుడల్లా ఆమె పేరు ఎర్రగా మారి, ఆమె పడిపోయిందని తెర మీద రాసేది. ఎన్నిసార్లు చంపానో. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం కూడా చేయకుండా కూర్చునేవాణ్ని. భాయ్ నా కంచంలో అన్నం పెట్టి పక్కన పెట్టేవాడు. కొండ దగ్గర నాలుగు రోజులు ఇరుక్కుపోయాను. అప్పుడు తెలిసింది, ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒక్కడే కూర్చుని ఈ కొండ దాటాడని. ఎంత ఓపిక పట్టి ఉంటాడో. వాడి మొహం నేను ఎన్నడూ చూడలేదు. అయినా ఆ కొండ దగ్గర నాకు వాడి మీద ప్రేమ పుట్టింది. ఆ ప్రేమ ఏడాది ముందు పుట్టి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

జనవరి మూడో వారానికి సముద్రం ఒడ్డు ఊరు చేరాను. ఊరి ముందర దారిలో ఆపి, ఆటను అక్కడ సేవ్ చేసి, మెషీన్‌ను అదే దుప్పట్లో చుట్టి పెట్టాను.

ఖురియాత్ వెళ్లింది పొద్దున పది గంటలకు, ఏసీ చూసే వంకతో. అక్క రూమ్ వంటింటి పక్కనే. అప్పటికే అట్టపెట్టెలు కట్టేసి ఉన్నాయి, మంచం మీద పరుపు కూడా చుట్టేసింది. చిన్న టీవీ మాత్రం వదిలింది, దీనికోసమే. తలుపు బార్లా తెరిచిపెట్టి, నేను నేలమీద కూర్చుని తీగలు తగిలించాను. ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చుంది.

ముందు పాట వచ్చింది. ఆ ఆట మొదట్లో వచ్చే పాట.

"సౌండ్ పెంచు అబ్బీ" అంది. పెంచాను.

తర్వాత పేరు వచ్చింది. ఆమె ముందుకు వంగి వేలితో అక్షరాలను ఒక్కొక్కటే తాకింది. ఐదూ తాకింది. నేను నేల చూస్తున్నాను. ఇంతటితో అయిపోతే బాగుండు, స్విచ్చి తీసేసి వెళ్లిపోతే బాగుండు అనుకున్నాను.

"తెరువు" అంది.

తెరిచాను. సముద్రం, నీలం తలుపులు, దారి మధ్యలో కత్తి పట్టుకుని ఆడమనిషి, వెనక ముసలాయన, విల్లు పట్టుకున్న పిల్ల. అక్క చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది వాడు పెట్టింది కాదు" అంది.

నేను టీవీ వెనక తీగ సర్దబోయాను.

"వాడు నన్ను బయట నిలబెట్టడబ్బీ. ఒక్క దినం గూడా నిలబెట్టలే. చిన్నప్పుడు నేనే అన్న్యా, నాయనా, పగలంతా ఈడ పని చేసి చస్తాండా, ఆడ గూడా కత్తి పట్టించి తిప్పుతాండావే అని. ఆ పొద్దు కాడ్నుంచి ఆట ఆపే ముందర నన్ను సత్రంలోకి తీసకపోయి మంచం మీద పండుకోబెట్టేవాడు. పండుకోబెట్టి, లైట్ తీసేసి, అప్పుడు స్విచ్చి ఆపేవాడు." తెర వైపు చెయ్యి చూపింది. "దారిలో ఇడిసిపెట్టి పోడు వాడు."

"పోయింది అక్కా" అన్నాను. "నేనే తీసేశాను. తెలియక కాదు, పట్టించుకోక. ఇది నేను ఆడింది."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఏడ్చి తేలికపడేవాణ్ని. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది. తర్వాత, "పండుకోబెట్టన్నా పండుకోబెట్టు" అంది.

సత్రం ఎక్కడుందో నాకు తెలియదు. బొమ్మను ఊళ్లోకి నడిపించి అటూ ఇటూ తిప్పుతున్నాను. "ఎడం చేతికి" అంది ఆమె. "ఆ చేపలామె దగ్గర ఆగాకు. ముందుకు పో. ఆ రెండో తలుపు." ఆ ఊరు ఆమెకు సందు సందు తెలుసు. పదకొండేళ్లు పక్కన కూర్చుని చూసిన ఊరు మరి. అక్షరం రాని మనిషి దారి చెబుతుంటే నేను బొమ్మను నడిపించాను.

తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. ఇంటావిడ. చెప్పులు లేవు, పరుగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. ఆ పాట విని మెట్లు దిగి వచ్చింది. ఆవిడ మొహంలో ఆ ఒక్క క్షణం ఏముందో నేను చూశాను. దాన్ని రాయడం నా వల్ల కాదు. గదిలో నేను కనపడగానే అది పోయింది.

గుమ్మం పట్టుకుని తెర వైపు చూసింది. పేరు చదివింది. అక్క మొహంలోకి చూసింది. తర్వాత ఆవిడ అడిగింది నాకు అరబ్బీలోనే అర్థమైంది.

"ఇది వాడిదేనా?"

అక్క నా వైపు చూడను కూడా లేదు.

"అవును మామా. వాడిదే" అంది.

ఆవిడ వచ్చి అక్క పక్కన నేలమీద కూర్చుంది. ఇరవై ఏళ్లలో ఆ గదిలో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి అని తర్వాత అక్క చెప్పింది. "ఆడబ్బీ, ఆపాకు" అంది అక్క తెలుగులో, నాకు మాత్రమే తెలిసేలా. ఆడాను. సత్రంలోకి తీసుకెళ్లి, మంచం దగ్గరికి నడిపించి పడుకోబెట్టాను. తెర చీకటైంది, ఆటను అక్కడే సేవ్ చేశాను. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడ్చారు. ఒకామె కొడుకు ఆట చూశానని ఏడ్చింది. ఇంకొకామె ఎందుకు ఏడ్చిందో నాకు తెలుసు.

మెషీన్ తిరిగి ఇచ్చెయ్యమని ఆవిడ అడిగింది. ఇచ్చేశాను. హాల్లో టీవీ కింద పెట్టించుకుంది. అలాంటి మెషీన్ నాకు మళ్లీ దొరకదు, దొరికినా నాకొద్దు.

వ్యాన్ దాకా అక్క వచ్చింది. పనిముట్ల సంచి నా చేతికిచ్చింది.

"నీ మీద కోపముండాదబ్బీ" అంది. "పోదు గూడా. ఆమెకు మాత్రం చెప్పాకు. నేను పోతాండా, నువ్వీడే ఉంటావు."

ఆ వారమే ఆమె విమానం ఎక్కింది. ఊరు చేరాక ఒకసారి ఫోన్ చేసి చేరానని చెప్పింది, అంతే. నేను చేస్తే ఎత్తదు.

రూమ్‌లో మెషీన్లు చాలావరకు ఇచ్చేశాను. భాయ్ బాధపడ్డాడు, నాకంటే ఎక్కువగా. ఉన్నవాటికి కూడా ఇప్పుడు నేను సెల్ మార్చడం లేదు. ముందు ఆట పెట్టి చూస్తాను, లోపల ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరెవరి పేర్లో ఉంటాయి. వాళ్లెవరో తెలియదు.

ఈ వేసవిలో ఖురియాత్ నుంచి కంపెనీకి ఫోన్ వచ్చింది, నన్నే పంపమని. ఏసీ బాగానే ఉంది. ఆవిడ నన్ను హాల్లోకి పిలిచి, గేమ్ పెట్టమంది. తనకు పెట్టడం రాదట. నేను తీగలు సరిచూసి, స్విచ్చి వేసి, అక్క పేరు మీద నొక్కాను. సత్రంలో మంచం పక్కన ఆమె లేచి నిలబడింది. బొమ్మను కాస్త నడిపిద్దామని నేను బటన్ మీద వేలు పెట్టాను.

ఆవిడ గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. పరాయి మగవాడి చెయ్యి పట్టుకున్నానన్న ధ్యాస కూడా ఆవిడకు లేదు.

"జాగ్రత్త" అంది. "చెరిపేస్తావేమో. మావాడిది నాకు ఇదొక్కటే మిగిలింది."